సగం వంగిన వెలుగు

కంప్యూటర్ తెర మీద గీత వంగింది. వంగకూడదు. వంగడానికి అక్కడ ఏమీ లేదు, ఉన్నదంతా నేనే తీసేశాను, సూర్యుడి పక్కన కాలం నిదానించదు, ఇక్కడెలా నడుస్తుందో అక్కడా అలాగే నడుస్తుంది అని సున్నా పెట్టి మీట నొక్కాను, అయినా ఎక్కడో నక్షత్రం దగ్గర బయల్దేరిన వెలుగు సూర్యుడి అంచు దాకా తిన్నగా వచ్చి, అక్కడ మెడ వంచి, పక్కకు తిరిగిపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ వంగింది. రైలు కుదుపుకి వేలు పక్క మీట మీద పడిందేమో అనుకుని, పడలేదని తెలిసి కూడా, మూడోసారి ఒక్కొక్క అంకె చూసుకుంటూ నొక్కాను. ఛీ, ఏం పోయేకాలం వచ్చింది దీనికి. ఎంత వంగిందో చూశాను. సగం. కొంచెం అటూ ఇటూ కాదు, వంగవలసినదానిలో సరిగ్గా సగం, ఆ సగం నాకు తెలుసు, వీడికి తెలుసు, ఈ విద్యలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. వీడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. మా తమ్ముడు, ఇంట్లో బుడ్డోడంటాం, మనిషి ఆరడుగులు, ముప్పై నాలుగేళ్ళు, నిద్రలో మాత్రం నోరు తెరుచుకుని నా భుజమంతా తడిపేస్తాడు, చిన్నప్పటి అలవాటు, అప్పుడూ నేనే దిండు. పడుకోబోయే ముందు అన్నాడు, "అక్కా, ఆ చివరి బొమ్మ పక్కన మన సిద్ధాంతం లేకపోతే ఎలా ఉంటుందో ఇంకో బొమ్మ పెట్టెయ్. తిన్నగా ఒక గీత, అంతే. చూసేవాళ్ళకి తేడా కొట్టొచ్చినట్టు కనబడాలి. నీకు రెండు నిమిషాల పని." రెండు నిమిషాల పనే. గంటలో దిగుతాం, దిగిన వెంటనే వీడు ఆ హాల్లో నిలబడి మాట్లాడాలి, మూడేళ్ళ కిందట వీడిని చూసి నవ్విన హాల్లోనే, ఈసారి నవ్వరక్కా అని నిన్న నాతో ఎన్నిసార్లు అన్నాడో.

ఎదుటి సీటాయన ఫోనులో ఎవరినో తిడుతున్నాడు, సిమెంటు రాలేదట, వానకి తడిసిందట, ఎంత అదృష్టవంతుడో, తడిసిన సిమెంటు కోసం ఇంత ఏడవగలుగుతున్నాడు. నాకూ అలా గట్టిగా అరవాలని ఉంది. అరిస్తే వీడు లేస్తాడు. ఊపిరి కూడా భుజం కదలకుండా పీల్చుకుంటున్నాను. ఇంతకీ ఎక్కడి నుంచి వచ్చిందీ సగం? ఎక్కడి నుంచో ఎందుకొస్తుంది, మేమే తెచ్చుకున్నాం, చేతులారా. వెలుగు నడిచే దారి గీయడానికి మాకో ప్రోగ్రామ్ కావాలి, నేను పటాలు గీసే ఆఫీసులో పనిచేస్తాను, పైనుంచి ఉపగ్రహం తీసిన బొమ్మల్లో వంకర్లు సరిచేయడం నా పని, కొత్తది రాయమంటే ఏడాది పడుతుంది. ఒక పరిశోధనశాల వాళ్ళు ఊరికే అందరికీ ఇచ్చే ప్రోగ్రామ్ ఉంది, ప్రపంచంలో అందరూ దాన్నే వాడతారు, అందరూ వాడేదేగా అని వీడన్నాడు, అందరూ వాడేదేగా అని నేనూ అన్నాను, మూత తీసి లోపల చూసినవాళ్ళం లేము. అందరూ అంటే ఎవరు? పుస్తకాల్లో ఉన్నది నమ్మేవాళ్ళు. పుస్తకాలేమంటాయి? బరువైనదాని పక్కన కాలమూ నిదానిస్తుంది, చోటూ వంగుతుంది, ఈ సగం, ఆ సగం. ఇంక వాళ్ళ ప్రోగ్రామ్‌లో దారి తిన్నగా ఎందుకుంటుంది, చోటు వంగే ఉంటుంది. చోటు వంగదని నిరూపించడానికి మేము ముందే వంచిపెట్టిన చోటులో వెలుగును నడిపించాం. సగం వీడి కాలం తెచ్చింది, సగం వాళ్ళ చోటు తెచ్చింది, రెండూ కలిసి లెక్క నిండుకుండలా కూర్చుంది, మేము చూసి చంకలు గుద్దుకున్నాం.

ఆ రోజు వీడు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి అమ్మని ఎత్తి గిరగిరా తిప్పాడు. ఒరేయ్ దింపరా, నడుం పోయిందిరా అని అమ్మ అరుపులు. ఏమైందో అమ్మకి తెలియదు, కాలం, వెలుగు, అవన్నీ తెలియవు, ఏదో సరిపోయిందని మాత్రం తెలిసింది, సరిపోయిందట కదే అని నన్ను గుచ్చి గుచ్చి అడిగింది, ఇంక నా బిడ్డకి పర్లేదు కదే అంది. పర్లేదమ్మా అన్నాను. ఎంత తేలిగ్గా అన్నాను. అప్పటికే కాలేజీలో ఉద్యోగం మానేశాడు, పాఠాలు చెబుతూ ఉంటే ఇది తెగదని. కావలసినవాళ్ళంతా పిచ్చి ముదిరిందన్నారు, నేను అనలేదు, నాకూ నమ్మాలని ఉంది, నమ్మడం నమ్మకపోవడం పక్కన పెడితే వీడు లెక్కలు వేసుకుంటూ ఉన్నంతసేపూ అన్నం తింటాడు, గడ్డం గీసుకుంటాడు, నాతో పోట్లాడతాడు, అంతకంటే ఏం కావాలి.

అందమైన ఆలోచన, ఇప్పటికీ అంటాను. వీడు నాకు చెప్పినప్పుడు కూర మాడిపోయింది. మేం చదివిన బడిలో డ్రిల్లు మేష్టారు పిల్లలందరినీ చేతులు పట్టించి ఒకే వరసగా నడిపించేవాడు. ఆ చివర మూడో తరగతి పిల్లలవి చిన్న అడుగులు, ఈ చివర పెద్దవాళ్ళవి పెద్ద అడుగులు, నాలుగు అడుగులు పడేసరికి వరస మొత్తం ఆ చిన్నపిల్లల వైపు తిరిగిపోయేది, మేష్టారు కర్ర ఊపుకుంటూ ఎవడ్రా లాగుతున్నది అని అరిచేవాడు. ఎవరూ లాగలేదు. "అదే అక్కా! భూమి మనల్ని లాగట్లేదు. నేల దగ్గర కాలం నిదానం, తల దగ్గర వేగం. మనమంతా కాలంలో నడుస్తున్న వరస. నిదానంగా ఉన్న వైపుకి తిరిగిపోతాం. పడిపోవడం అంటే అంతే, ఎవడూ లాగట్లేదు, ఎవడూ తోయట్లేదు." మరి చోటు వంగడం అంటారు కదరా అంటే, చోటు ఎందుకు వంగాలక్కా, గళ్ళ కాగితంలా తిన్నగా ఉంటుంది, గడియారాలు కుదరవంతే, ఉన్న వంకరంతా గడియారాల్లోనే ఉంది అన్నాడు. అన్నప్పుడు వాడి కళ్ళు చూడాలి. రాయి పడింది, పండు పడింది, చంద్రుడు తిరిగాడు, మా ఆఫీసు ఉపగ్రహాలు కూడా వాడి లెక్కలో ఇంత పొల్లు పోకుండా తిరిగాయి. తిరగవు మరి? రాయి చేతిలోంచి జారి నేలను తాకేలోపు చోటులో పోయేది మూరెడు, ఆ రెప్పపాటులోనే కాలంలో వేల మైళ్ళు నడిచి ఉంటుంది, దానికి చోటు వంగితే ఎంత, వంగకపోతే ఎంత. వెలుగు అలా కాదు. దానికి కాలంలో ఎంత నడకో చోటులోనూ అంతే నడక, చోటులో వంకరని అది దాటేసి పోలేదు. అందుకే కాలం ఒక్కటే ఉంటే వెలుగు సగమే వంగుతుంది. వందేళ్ళుగా పుస్తకాల్లో ఉన్న మాట. వీడికి తెలియదా? తెలుసు. కాలం నిదానించే తీరులో వాళ్ళెవరూ చూడని ఒక మెలిక తను చూశాననుకున్నాడు, దానితో కాలమే మొత్తం వంచేస్తుందనుకున్నాడు, వంచిందని నేను నడిపిన ప్రోగ్రామ్ చెప్పింది.

వాడే చెప్పాడు నాకు ఒకప్పుడు, తక్కెడని నమ్మే ముందు ఖాళీ తక్కెడ ఎంత చూపిస్తుందో చూడాలక్కా అని. అమ్మకి కూరగాయలు తూచే ఆవిడ దగ్గర నిలబడి, ఏమ్మా ఒకసారి ఏమీ వెయ్యకుండా పెట్టు అనేవాడు, తొమ్మిదేళ్ళప్పుడు, ఆవిడ పళ్ళు కొరికేది. ఖాళీగా పెట్టి చూడటం వీళ్ళ విద్యలో మొదటి పాఠం, పడుకోబోయే ముందు పళ్ళు తోముకోవడం లాంటిది. ఈ ప్రోగ్రామ్ వాడిన నాలుగు నెలల్లో మేమిద్దరం ఆ ఒక్క పనీ చేయలేదు. ఎందుకు చేయలేదు? నిండుగా వచ్చాక ఎవడు ఖాళీగా పెట్టి చూస్తాడు. ఆ పెద్దాయన చూస్తాడు. ఆ హాల్లో మొదటి వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చుంటాడే, కళ్ళు మూసుకుంటే నిద్రపోయాడనుకుంటారు, మూడేళ్ళ కిందట వీడు మాట్లాడటం ముగించాక కళ్ళు తెరిచి, "బాబూ, మీరు ఎక్కాలు చాలా బాగా చెప్తారు, భౌతికశాస్త్రం ఎప్పుడు మొదలుపెడతారు?" అన్నాడు. హాలంతా నవ్వింది. వెనక వరసలో నేనున్నాను, నా పక్కన కూర్చున్నది కూడా కిసుక్కుమంది, దాని జుట్టు పట్టుకుని ఈడ్చాలనిపించింది. వీడు కూడా నవ్వాడు, మర్యాదగా, థాంక్యూ సార్ అన్నాడు. ఆ థాంక్యూ ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇంటికొచ్చాం. అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. "ఇప్పుడే వస్తాను" అని బాత్రూంలోకి వెళ్ళి బోల్టు పెట్టుకున్నాడు. కుళాయి చప్పుడు వినబడుతూనే ఉంది, అమ్మ పప్పులు ఏరుకుంటూ నీళ్ళన్నీ పోతున్నాయి, వీడికి బుద్ధి లేదు అంది, నేనూ నవ్వాను, నవ్వానమ్మా నేను, తలుపు అవతల వీడు నేల మీద ఉన్నాడు, ఇవతల నేను నవ్వాను. ఎంతసేపు నవ్వానో, ఎంతసేపటికి నా నవ్వు ఆగిందో, ఆ కాస్త వేళ నాకు ఎప్పటికీ లెక్క తేలదు. పిలిచాను, పలకలేదు. తోశాను, కదలలేదు. పాత తలుపు, టేకు, మా నాన్న ఏరి కోరి చేయించింది. చివరికి బందులకి ఉన్న మరమేకులు ఒక్కొక్కటే స్క్రూడ్రైవర్‌తో తిప్పాను. మరమేకు ఎన్ని చుట్లు తిరిగితే బయటికొస్తుందో నన్నడగండి. కాలం నిదానించడమంటే ఏమిటో సూర్యుడి దాకా పోనక్కర్లేదు. తీశాను. బతికాడు. ఆస్పత్రిలో కళ్ళు తెరిచి మొదటి మాటగా తలుపు పాడైపోయిందా అక్కా అన్నాడు, చెంప పగలగొట్టాను, నర్సు వచ్చి నన్ను బయటికి పంపేసింది.

మర్నాడు వడ్రంగిని పిలిచి ఇంట్లో బోల్టులన్నీ పీకించాను. ముందు తలుపుకి తప్ప ఏ తలుపుకీ బోల్టు లేదు మా ఇంట్లో, పీకిన చోట చిల్లులు అలాగే ఉన్నాయి. ఎవరు బాత్రూంలోకి వెళ్ళినా నోరు మూసుకుని ఉండటానికి వీల్లేదు, ఏదో ఒకటి అంటూ ఉండాలి, లేకపోతే ఎవరైనా తలుపు తోసుకుని లోపలికి వచ్చేస్తారు, తర్వాత సిగ్గుపడి లాభం లేదు. అమ్మ భజన పాటలు పాడుతుంది. నేను ఆఫీసులో వాళ్ళని తిడతాను. వీడికి పాట రాదు, ఎక్కాలు చెబుతాడు, అదీ పదిహేడోది, పంతొమ్మిదోది, పెద్దాయనకి వినబడాలన్నట్టు గొంతెత్తి. చుట్టాలొస్తే చావు నవ్వు. మా పిన్ని వచ్చినప్పుడు లోపల పాడలేక బయటికి రాలేక గంటసేపు, "ఉన్నానే, ఉన్నానే, వస్తున్నానే" అంటూ కూర్చుంది. పొద్దున్నే నిద్రలో ఉండగా "పదిహేడు రెళ్ళ ముప్పై నాలుగు, పదిహేడు మూళ్ళ యాభై ఒకటి" అని వినబడితే నేను ఇటు తిరిగి పడుకుంటాను. నాకు దానికి మించిన సుప్రభాతం లేదు.

ఇప్పుడు ఏం చెయ్యను. ఒక పని చెయ్యవచ్చు. తిన్నని గీత ఒకటి నేనే గీసి పెట్టెయ్యవచ్చు, రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు, ఈ చివర నొక్కి ఆ చివర వదలడమే. గీశాను. చూశాను, ఎంత అమాయకంగా ఉందో, పాపం దానికేమీ తెలియదు. వీడు లేచి చూస్తాడు, భలే ఉందక్కా అంటాడు, హాల్లో నిలబడతాడు, ఈసారి నవ్వరు, చప్పట్లు కొడతారు, ఒక్క గంట, ఒక్కటంటే ఒక్క గంట వీడిని అలా చూడాలని నాకు లేదా? తర్వాత? పెద్దాయన కళ్ళు తెరుస్తాడు. బాబూ, ఖాళీగా పెట్టి చూశారా? చూశాం సార్, ఇదిగో అని వీడు నా గీత చూపిస్తాడు, నమ్మకంగా, నా అక్క గీసింది అన్న నమ్మకంతో. ఇవాళ కాకపోతే రేపు ఎవడో ఒకడు తన ఇంట్లో కూర్చుని మీట నొక్కుతాడు. తప్పు చేసినవాణ్ణి నవ్వి వదిలేస్తారు, మోసం చేసినవాణ్ణి వదలరు. చెరిపేశాను. వంగిన గీత మళ్ళీ వచ్చి కూర్చుంది. పోనీ చెప్పకుండా, వంట్లో బాగాలేదని ఏడ్చి, గుండె నొప్పని పడిపోయి, వెనక్కి తీసుకెళ్ళిపోతే? ఏడవడానికి నాకిప్పుడు నటన కూడా అక్కర్లేదు. ఇంటికెళ్ళాక వాడే నొక్కి చూసుకుంటాడు. దేవుడా, ఈ రైలు ఇక్కడే ఆగిపోకూడదా, గొలుసు లాగితే ఆగుతుంది, ఆగి మళ్ళీ బయల్దేరుతుంది. కిటికీలోంచి పొలాలు పోతున్నాయి, గట్టు మీద ఒకామె తలమీద మోపుతో నిలబడింది, ఆమె కూడా పోయింది. వీడి తల ఎంత బరువుగా ఉందో. వీడికి తెలియనంతసేపూ అది తప్పు కాదు, నాకు తెలిసింది కాబట్టి నాకే తప్పు, భుజం దించి లేపానంటే వీడికి కూడా.

హాలు ఉన్న ఊళ్ళో మాకో లాడ్జి గది తీసుకున్నారు. గదికి తలుపు ఉంటుంది, బాత్రూంకి తలుపు ఉంటుంది, హాలు పక్కన ఎన్ని గదులో, ఎన్ని మెట్లో, డాబా మీదకి దారుందో లేదో. అన్ని తలుపుల దగ్గరా నేనుండలేను. ఈ రైలు పెట్టెలో ఈ చివర రెండు, ఆ చివర రెండు. నాలుగు తలుపులైతే కాయగలను. ఇంతకంటే గొప్ప ఆలోచన ఏదీ రాలేదు నాకు, ధర్మం, న్యాయం, సత్యం, ఇవేవీ కాదు, తలుపులు లెక్కపెట్టుకుని వీడిని లేపాను.

"బుడ్డోడా. లే రా."

"వచ్చేశామా?"

"రాలేదు. ఇది చూడు."

కళ్ళు నులుముకున్నాడు, చొంగ తుడుచుకున్నాడు, చూశాడు. ముందు నవ్వాడు. "పాత బొమ్మ పెట్టావక్కా. ఖాళీది పెట్టమన్నాను."

"ఖాళీదే."

"సున్నా పెట్టావా?"

"పెట్టాను."

"అంతటా?"

"అంతటా పెట్టాను రా."

కంప్యూటర్ ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎదుటాయన ఇంకా సిమెంటు గురించే మాట్లాడుతున్నాడు. వీడు మూత తీశాడు, మేం ఎన్నడూ తీయని మూత, వాళ్ళ ప్రోగ్రామ్ లోపలికి వెళ్ళి ఒక్కొక్క వరస చదువుకుంటూ కిందికి దిగాడు, ఒకచోట ఆగాడు. ఆ ఆగిన చోట వేలు పెట్టి ఉంచాడు. నేను వీడి ముఖమే చూస్తున్నాను, ముఖంలో ఏమీ జరగలేదు, అదే భయం నాకు, థాంక్యూ సార్ అన్నప్పుడు కూడా ఏమీ జరగలేదు. "ఎంత?" అని అడిగాడు, తనకు కనబడుతూనే ఉంది. సగం రా అన్నాను. తల ఊపాడు. కంప్యూటర్ మూసి, మెల్లగా, నిద్రపోతున్న పిల్లని అందించినట్టు నా చేతికిచ్చాడు. చెప్పులు వేసుకున్నాడు. "ఇప్పుడే వస్తాను" అన్నాడు.

కంప్యూటర్ సీటు మీద పడేశానో కింద పడేశానో తెలియదు, ఎవరి కాలో తొక్కాను, ఎవరో ఏమ్మా కళ్ళు కనబడవా అన్నారు, కనబడవు, వీడి వీపు తప్ప ఏమీ కనబడటం లేదు, పెట్టె చివర వీపు పక్కకు తిరిగింది, నేను చేరేసరికి బాత్రూం తలుపు మూసుకుంది, బోల్టు పడింది. టక్కుమంది. మూడేళ్ళుగా మా ఇంట్లో లేని చప్పుడు. ఒరేయ్ అన్నాను. బుడ్డోడా తలుపు తియ్ అన్నాను. రైలు వంతెన ఎక్కింది, ఇనుము ఇనుము మీద మోగుతూ ప్రపంచమంతా ఆ మోత తప్ప ఇంకేమీ లేదు. నా సంచీలో ఎప్పుడూ స్క్రూడ్రైవర్ ఉంటుంది, అమ్మకి కూడా తెలియదు ఆ సంగతి, తీశాను, తలుపు అంచంతా తడిమాను, మరమేకులు లేవు, బందులు లోపలి వైపున్నాయి, బయటంతా ఒకటే నున్నటి రేకు. రెండు చేతులతో బాదాను. మెడలో తువ్వాలు వేసుకున్న ముసలాయన బ్రష్షు పట్టుకుని వచ్చి నిలబడి, "లోపల ఎవరమ్మా?" అన్నాడు. మా తమ్ముడండీ అన్నాను. "పోనీలే తల్లీ, కానివ్వు, నాకేం తొందర లేదు" అని గోడకి ఆనుకున్నాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాను, ఎవరో ఏమిటో, గట్టిగా పట్టుకున్నాను, ఆయన విడిపించుకోలేదు. నేను చేశాను, నేనే లేపాను, నిద్రపోతున్నవాణ్ణి లేపి చేతికిచ్చాను, నా నోరు పడిపోను, ఒక్క గంట ఆగితే ఏం పోయేది, గీత గీస్తే ఏం పోయేది, మోసమైతే మోసం, బతికి ఉంటే జైల్లోనైనా చూసుకునేదాన్ని.

వంతెన అయిపోయింది. మోత తగ్గింది. లోపల కుళాయి పారుతోంది. అదే చప్పుడు. చెవి రేకుకి అంటించాను. కుళాయి వెనక ఇంకేదో ఉంది, ముక్కు చీదినట్టు, ఏదో గొణిగినట్టు. కుళాయి ఆగింది.

"రెండు ఒకట్ల రెండు."

పదిహేడోది కాదు. గొంతు కూడా వాడిది కాదు, బడికి మొదటిసారి వెళ్ళి వచ్చిన రోజు నా ఒళ్ళో కూర్చుని ఏడుస్తూ అప్పజెప్పిన గొంతు.

"రెండు రెళ్ళ నాలుగు."

ఆగిపోయింది. ముసలాయన నా ముఖంలోకి చూస్తున్నాడు. రైలు వేగం తగ్గిస్తోంది, పెట్టెలోవాళ్ళంతా సామాన్లు దింపుకుంటున్నారు, నాకు దిగాలని లేదు, ఎక్కాలని లేదు. నుదురు తలుపుకి ఆనించాను.

"రెండు మూళ్ళ?" అన్నాను.

ఏమీ రాలేదు. చెవి మళ్ళీ రేకుకి అంటించాను.

"రెండు మూళ్ళ ఎంత రా, బుడ్డోడా?"

"ఆరు" అన్నాడు.